వంద రూపాయల తిరుగుబాటు

కొత్తగా గెలిచి లోక్‌సభలో ప్రతిపక్షం బల్లల మీద కూర్చున్న ఎంపీగారికి నమస్కారాలు. న్యాయం మీదా, ఆర్థిక విధానం మీదా కలిపి పద్నాలుగు పేజీల ప్రసంగం సిద్ధం చేసుకున్నారని తెలిసింది. సంతోషం. సభలో మీ పార్టీ బలాన్ని బట్టి మీ వాటాకు వచ్చేది ఏ నాలుగు నిమిషాలో. అందులో స్పీకర్‌గారికి కృతజ్ఞతలు, పార్టీ అధినేతకు కృతజ్ఞతలు, నియోజకవర్గ ఓటర్లకు పాదాభివందనాలు పోగా రెండున్నర మిగులుతాయి. న్యాయానికి నిమిషంపావు, ఆర్థికానికి నిమిషంపావు. దేశంలో సంపద పంపకం ఎలాగున్నా ఈ పంపకం మాత్రం సమానంగానే ఉంటుంది.

ముందు న్యాయం. కోర్టుల్లో అయిదు కోట్లకు పైగా కేసులు మూలుగుతున్నాయని మీరు బల్లగుద్ది చెబుతారు. మంత్రిగారు ఉలిక్కిపడరు. ఆ అంకె ఆయన శాఖ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులోదే మరి. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పిందనీ, మంజూరైన పోస్టులన్నీ లెక్కేసినా ఇప్పటికీ 22 దగ్గరే కొట్టుమిట్టాడుతున్నామనీ మీరంటారు. కేసుల పరిష్కారం న్యాయవ్యవస్థ పరిధిలోనిది అని ఆయనంటారు. ఏళ్ల తరబడి ఇదే జవాబు. మంత్రులు మారారు గాని అందులో కామా కూడా కదల్లేదు.

అయితే నేనే ఒక బిల్లు పెడతానంటారా? పెట్టండి. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు అందుకే కేటాయించారు. ఆ వేళకు సభ్యుల్లో చాలామంది విమానాశ్రయం దారిలో ఉంటారు, అది వేరే సంగతి. 1952 నుంచి ఇప్పటిదాకా రెండు సభలూ దాటి చట్టాలైన ప్రైవేటు మెంబర్ల బిల్లులు 14. ఆఖరిది 1970లో. అదీ న్యాయం గురించే. అలహాబాద్ హైకోర్టు మాజీ జడ్జి, ఉర్దూ కవి, లక్నో నుంచి స్వతంత్రుడిగా గెలిచిన ఆనంద్ నారాయణ్ ముల్లా తెచ్చిన బిల్లు అది. కింది కోర్టు నిర్దోషి అని వదిలేసిన మనిషికి హైకోర్టు యావజ్జీవమో, పదేళ్లకు తగ్గని జైలో వేస్తే, సుప్రీంకోర్టుకు హక్కుగా అప్పీలు చేసుకునే వీలు దానివల్ల వచ్చింది. అంతకుముందు అలాంటివాడికి ఆ హక్కు దక్కాలంటే ఉరిశిక్షే పడాలి. వెనక పార్టీ దండు లేని ఒక పెద్దమనిషి ఇంత పని చేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా శుక్రవారాలు వస్తున్నాయి, పోతున్నాయి.

ఇక ఆర్థికానికి వద్దాం. బడ్జెట్ పద్దుల మీద మీ చేతిలో ఒక ఆయుధం ఉంది, దాని పేరు కోత తీర్మానం. ప్రభుత్వ విధానమే నచ్చలేదనుకోండి, ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమనొచ్చు. దుబారా కనిపిస్తే ఫలానా మొత్తం తగ్గించమనొచ్చు. అదీ కాదు, ఏదో ఒక గోడు వెళ్లబోసుకోవాలంటే వంద రూపాయలు తగ్గించమనొచ్చు. ఎగతాళి కాదండీ, నిబంధనల పుస్తకంలో ఉన్న మాటే. లక్ష కోట్ల పద్దు మీద మీ జిల్లా కాలువ సంగతి ఎత్తాలంటే, ఇందులో వంద తగ్గించండి అని నోటీసివ్వాలి. ఆ వంద కూడా తగ్గదు. మూజువాణి ఓటుతో ఓడిపోతుంది. ఎందుకంటే ఆ వంద తగ్గిందంటే ప్రభుత్వం మీద సభకు నమ్మకం పోయినట్టే లెక్క. ఇంత పెద్ద సర్కారు వంద రూపాయల నోటు మీద నిలబడి ఉంది.

ఆ మాత్రం ఓడిపోవడానికైనా చర్చ జరగాలి కదా! గడువు రోజు సాయంత్రానికి గిలెటిన్ దిగుతుంది. చర్చకు రాని పద్దులన్నీ ఒక్క వేటుకు పాస్. 2004లో, 2013లో కాంగ్రెస్ ఏలుబడిలో పద్దులన్నీ చర్చ లేకుండానే గట్టెక్కాయి. 2018లో, 2023లో బీజేపీ ఏలుబడిలోనూ అంతే. కనుక ఈ విషయంలో ఎవరూ ఎవరికీ బాకీ లేరు. 2012లో బొగ్గు గనుల గొడవప్పుడు, సభను నడవనివ్వకపోవడం కూడా ప్రజాస్వామ్యంలో ఒక పద్ధతేనని ప్రతిపక్ష నేత సుష్మాస్వరాజ్ వాదించారు. ఆ పార్టీ అటువైపు బల్లల్లోకి మారగానే ఆ సిద్ధాంతం కాంగ్రెస్‌కు వారసత్వంగా సంక్రమించింది. 2023లోనైతే అదానీ మీద జేపీసీ వేయాలని ఇటువైపూ, లండన్‌లో అన్న మాటలకు రాహుల్ క్షమాపణ చెప్పాలని అటువైపూ అరుచుకుంటుంటే, 45 లక్షల కోట్ల బడ్జెట్ ఆ సందులోంచి ఎవరికీ తగలకుండా నడిచి వెళ్లిపోయింది.

తెలుగువాళ్లు 2018ని మాత్రం మరిచిపోకూడదు. ఆ మార్చి 14న 89 లక్షల కోట్లకు పైబడిన పద్దులు, పన్నుల బిల్లుతో సహా, అరగంటలో ఆమోదం పొందాయి. వెల్‌లో నినాదాలు, ప్లకార్డులు, ఎవరి మాట ఎవరికీ వినపడని గోల. పర్వాలేదు, సభ నడిచింది. రెండు రోజులు తిరిగేసరికి ప్రత్యేక హోదా మీద వైఎస్సార్‌సీపీ, టీడీపీ అవిశ్వాస నోటీసులు వచ్చాయి. దానికి కావలసిందల్లా 50 మంది లేచి నిలబడటం. అబ్బే, కుదరలేదు. సభ సద్దుమణగలేదు కాబట్టి తలలు లెక్కపెట్టలేకపోతున్నామని రోజూ వాయిదా. వెల్‌లో ఉన్నవాళ్లెవరు? కావేరీ బోర్డు కావాలని అన్నాడీఎంకే వారు, రిజర్వేషన్లు కావాలని టీఆర్‌ఎస్ వారు. ఒక తెలుగు రాష్ట్రం నోటీసిస్తే ఇంకో తెలుగు రాష్ట్రం ప్లకార్డు అడ్డం పెట్టిందన్నమాట. యాభై తలలు లెక్కకు అందనంత గోలలోనే 89 లక్షల కోట్లు చక్కగా లెక్కకు అందాయి.

చివరికి జూలై 20న చర్చకు మోక్షం వచ్చింది. అప్పటికి, మొదట నోటీసిచ్చిన వైఎస్సార్‌సీపీ ఎంపీలు రాజీనామా చేసి సభ బయట ఉన్నారు. టీడీపీకి ఇచ్చిన సమయం 13 నిమిషాలు. చర్చ మొదలెట్టిన గల్లా జయదేవ్ ఆ గీత దాటి చాలాసేపే మాట్లాడారు, మధ్యలో బావమరిది సినిమా 'భరత్ అనే నేను'ని కూడా తలుచుకున్నారు. పొద్దు గుంకి, రాత్రి బాగా పొద్దుపోయాక ఓట్లు లెక్కపెడితే తీర్మానానికి 126, వ్యతిరేకంగా 325. మర్నాడు దేశమంతా చెప్పుకున్నది హోదా గురించి కాదు. రాహుల్ వెళ్లి ప్రధానిని కౌగలించుకోవడం, తిరిగొచ్చి కన్నుకొట్టడం గురించి. హోదా ఆ కౌగిలి మధ్య ఎక్కడో నలిగిపోయింది. ఇవాళ టీడీపీ అటువైపు బల్లల్లో ఉంది. అక్కడ కోత తీర్మానాల బెడద లేదు.

ఇదంతా విని నీరుగారిపోకండి, ఎంపీగారూ. మీ బల్లల మీదే ఒకప్పుడు రామ్‌మనోహర్ లోహియా కూర్చున్నారు. 1963లో ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు. ఆ ఆగస్టులోనే కృపలానీ లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టారు. దానికి వచ్చిన ఓట్లు 62, వ్యతిరేకంగా 347. అది ఓడిపోతుందని కృపలానీకి తెలుసు, లోహియాకు తెలుసు, గుమ్మం దగ్గర బంట్రోతుకూ తెలుసు. అయినా లోహియా ఒక అంకె పట్టుకొచ్చారు. ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారు, ప్రధాని మీద మాత్రం రోజుకు 25 వేల రూపాయలు ఖర్చవుతోంది అన్నారు. నెహ్రూ లేచి, ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం మూడు కాదు, పదిహేనణాలు అన్నారు. ఆ తర్వాత మంత్రి గుల్జారీలాల్ నందా ఏడున్నర అణాల దగ్గరికి దిగారు. అణాలు 1957లోనే నయాపైసలకు దారిచ్చి తప్పుకున్నాయి, అయినా దేశం పేదరికాన్ని కూరగాయల బేరంలా అణాల్లోనే తేల్చుకున్నారు. ఒక్క సభ్యుడి నోటి లెక్కకు సర్కారు తన లెక్కను తానే సగానికి కోసుకుంది. ఏ కోత తీర్మానానికీ అంత కోత పడిన దాఖలా నాకు కనపడలేదు.

లోహియాకు పద్నాలుగు పేజీలు అక్కర్లేకపోయింది. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలని ప్రధానికి అనిపించింది, అదొక్కటే తేడా. అప్పట్లో ప్రధాని సభలో కూర్చుని వినేవారు కూడా.

ఇక పాఠకులకు ఒక మనవి. మీ ఎంపీ ఏ పార్టీ వారైనా సరే, పండక్కి ఊరొచ్చి దండలు వేయించుకుంటున్నప్పుడు దగ్గరికెళ్లి, అయ్యా, మొన్నటి బడ్జెట్‌లో ఎన్ని పద్దుల మీద మాట్లాడారు, ఎన్ని కోత తీర్మానాలిచ్చారు అని అడగండి. రోడ్డు వేయిస్తానని ఆయన మాట మారుస్తారు. రోడ్డు సంగతి తర్వాత, పద్దుల సంగతి చెప్పమని మళ్లీ అడగండి.