మూడో మోటారు

మా పెదనాన్నకి నరసరావుపేటలో మోటార్ రీవైండింగ్ షాపు ఉండేది. చుట్టుపక్కల రైతులు కాలిపోయిన వ్యవసాయ మోటార్లని ట్రాక్టర్లలో వేసుకొచ్చి ఆయన గుమ్మంలో దించేవారు. ఇప్పుడు షాపు మూసేసి విజయవాడలో కూతురింట్లో ఉంటున్నాడు. చేతులు ముడుచుకు కూర్చోవడం ఆయన వల్ల కాదు. అందుకే మనవడు బొమ్మ విమానం పట్టుకుని మొహం వేలాడేసుకుని గ్రౌండు నుంచి వచ్చిన రోజున, ఇంట్లో సంతోషించినవాడు ఆయనొక్కడే.

ఆ కుర్రాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఫోమ్ బోర్డు కోసి విమానం తనే చేసుకున్నాడు. బాగానే ఎగురుతుంది. కాసేపటికి ముక్కు దగ్గర వార్నిష్ మాడిన వాసన మొదలవుతుంది. దించి మోటారు మీద వేలు పెడితే చుర్రుమంటుంది. అలా రెండు మోటార్లు పోయాయి. ఇది మూడోది.

"మూడు తీగలున్నాయి కదరా, ఇదీ మన త్రీఫేజ్ మోటారే," అన్నాడు పెదనాన్న, దాన్ని అరచేతిలో పెట్టుకుని. ఆ మాట తప్పేమీ కాదు. బ్యాటరీ ఇచ్చే డీసీని ఈఎస్సీ అనే చిన్న సర్క్యూట్ మూడు ఫేజులుగా మార్చి ఈ బ్రష్‌లెస్ మోటారుకి పంపుతుంది. కాకపోతే పొలం మోటారులో రోటారు లోపల తిరుగుతుంది, ఇందులో అయస్కాంతాలు అంటించిన బయటి డొప్పే తిరుగుతుంది.

ముందు అది కొన్న షాపుకే వెళ్ళాం. షాపతను మహా మర్యాదస్తుడు. మోటారు కొన్నప్పుడల్లా ఒక పదంగుళాల ప్రొపెల్లర్ ఫ్రీగా చేతిలో పెట్టేవాడట. ఇప్పుడూ విసుక్కోకుండా మోటారుని బల్లకి బిగించి, ప్రొపెల్లర్ ఊడదీసి, కాసేపు తిప్పి చూపించాడు.

"పట్టుకు చూడండి సార్. చల్లగా ఉంది."

"లోడు లేకుండా తిప్పితే ఏ మోటారైనా చల్లగానే ఉంటుందయ్యా! నా దగ్గరా ఇవన్నీ? ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టినవాణ్ణి. ఒక రైతు మోటారైతే ఒకే వేసవిలో మూడుసార్లు చుట్టాను, తెలుసా?"

"అబ్బో!" అని నవ్వి ఊరుకున్నాడు షాపతను.

ఇంటికొచ్చి పెదనాన్న పని మొదలెట్టాడు. మూడు తీగలూ విడదీసి డొప్పని వేళ్ళతో తిప్పాడు. టక్ టక్ మంటూ అన్ని వైపులా ఒకేలా తిరిగింది. లోపల చుట్లు అంటుకుపోయి ఉంటే బిగువుగా తిరిగేది, బేరింగు పోయి ఉంటే గరగరమనేది. రెండూ లేవు. తర్వాత విమానం ముక్కు చూశాడు. గాలి లోపలికి రావడానికి కన్నం ఉంది కానీ బయటికి పోవడానికి దారి లేదు. వెనకవైపు బ్లేడుతో ఇంకా పెద్ద కన్నం కోయించాడు. వేడి కాస్త తగ్గింది, చుర్రుమనడం మానలేదు.

"అయితే కరెంటు ఎంత లాగుతోందో చూడాల్సిందే." ట్రంకుపెట్టెలోంచి పాత టాంగ్ టెస్టర్ తీశాడు. అది ఏసీ మాత్రమే కొలుస్తుంది, బ్యాటరీ తీగ మీద పెడితే సున్నా చూపించింది. మనవడు స్నేహితుడి వాట్ మీటరు తెచ్చి బ్యాటరీకీ ఈఎస్సీకీ మధ్య కలిపాడు. విమానాన్ని గట్టిగా పట్టుకుని ఫుల్ థ్రాటిల్ ఇస్తే మీటరు 18 ఆంపియర్లు చూపించింది.

మోటారు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. దాన్ని విప్పింది అప్పుడే. (ఇంజనీరింగ్ పిల్లలు వీడియోలు చూస్తారు, కాగితాలు చదవరు.) ఈ మోటారు తట్టుకునేది 12 ఆంపియర్లు, అదీ ఒక్క నిమిషమే. మూడు సెల్లుల బ్యాటరీ వాడితే ఎనిమిదంగుళాల ప్రొపెల్లరే పెట్టాలి.

కరెంటు ఒకటిన్నర రెట్లయితే వైండింగులో వేడి రెండుంబావు రెట్లవుతుంది. ప్రొపెల్లర్ సంగతి ఇంకా ఘోరం. అదే పిచ్‌తో ఎనిమిది అంగుళాలది తీసి పది పెడితే, అదే వేగంతో తిప్పడానికి దాదాపు 2.4 రెట్ల పవర్ కావాలి. చూడ్డానికి తేడా రెండంగుళాలే. పైగా మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. బలం తగ్గిన మోటారు మరింత కరెంటు లాగి మరింత కాలుతుంది.

"ఊళ్ళల్లోనూ ఇదే తంతు," అన్నాడు పెదనాన్న ఉత్సాహంగా. "లో వోల్టేజికి రిలే మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాన్ని తీసేసి డైరెక్టు చేసుకుంటారు. మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలుద్ది. విప్పకముందే వాసన చూసి చెప్పేవాణ్ణి."

అరువు తెచ్చిన ఎనిమిదంగుళాల ప్రొపెల్లర్ బిగిస్తే మీటరు తొమ్మిదికి దిగింది. ఎగరేసి దించాక మోటారు గోరువెచ్చగా ఉంది. ఆ సాయంత్రమే మళ్ళీ షాపుకి బయల్దేరదీశాడు మమ్మల్ని.

"ఏమయ్యా, నీ మోటార్లు మంచివే. నువ్వు ఊరికే ఇచ్చే ఆ రెక్కే వాటిని కాల్చేస్తోంది. నీకు తెలీదా?"

"తెలుసు సార్."

"తెలిసీ మా వాడికి మొదటిసారే చెప్పలేదేం?"

షాపతను సొరుగులోంచి ఎనిమిదంగుళాలది తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఫ్రీ కాదు సార్, ఎనభై రూపాయలు. మొన్న మీరు ఒకే వేసవిలో మూడుసార్లు చుట్టానన్నారు చూడండి... ఆ రైతుకి మొదటిసారే చెప్పారా సార్, మోటారు ఎందుకు కాలిందో?"

ఆటో దిగేటప్పుడు పది రూపాయల కోసం పావుగంట వాదించే మా పెదనాన్న, బేరమాడకుండా ఎనభై రూపాయలూ ఇచ్చేశాడు.