మా ఎగ్జీ బావమరిది

ప్రతి కార్యాలయమునందును, ప్రతి బంధువర్గమునందును నేడొక ఎగ్జీకర్త వెలసియున్నాడు. పైథాన్ భాషలో పది పంక్తులు వ్రాయనేర్చి, వ్రాసినదానిని పైఇన్‌స్టాలర్ చేత ఒక్క ఫైలుగా బిగింపించి, “డబుల్ క్లిక్ చెయ్యండి, అంతే” అని ఎదుటివాని కప్పగించి, ఆపైన ఫోను మ్రోగినప్పుడెల్ల “నా సిస్టమ్‌లో బ్రహ్మాండంగా నడుస్తోందే!” అని విస్తుపోవుట ఈ జాతివారి ప్రధాన లక్షణము. అట్టివారిలో అగ్రగణ్యుడు, నా సహధర్మచారిణికి ఏకైక సోదరుడును, అందుచేత ఇంటిలో నేను నోరెత్తి యేమియు ననరానివాడును అగు మా బావమరిది.

ఉపకారబుద్ధిలో అతనికి సాటి లేరు. ఎవడైన ఒకే పనిని చేతితో మాటిమాటికి చేయుచుండగా చూచెనా, అతని ప్రాణము విలవిలలాడును; వలదన్నను వినడు. తెనాలిలో నా మిత్రునికొక బియ్యపు మిల్లు కలదు. అందలి గుమాస్తా ఎక్సెల్ షీట్లనుండి తేదీలవారీగా లెక్కలు తీసి యొక్కచోట చేర్చుటకు ప్రతిదినమును దీపాలవేళ దాటువరకు కూర్చుండువాడు. ఈ సంగతి చెవిని పడినదే తడవుగా మావాడు నయాపైస కోరక, రాత్రికి రాత్రి ప్రోగ్రాము వ్రాసి, గుమాస్తా తేదీ టైపు చేయు శ్రమయైన పడరాదని, టీకే క్యాలెండర్ అను లైబ్రరీతో తెరమీద ముచ్చటైన క్యాలెండరు నొకదానిని నిలిపెను. అతని ల్యాప్‌టాప్‌లో అది తేదీలను మంచినీళ్లప్రాయముగా అందించెను. మిల్లు కంప్యూటరులో మాత్రము నల్లని విండో యొకటి రెప్పపాటున మెరసి మాయమయ్యెను.

అప్పుడు చూడవలెను మావాని రోగనిదానము! తన ఎగ్జీలో లోపముండుననునది తప్ప తక్కిన సమస్త సందేహములును అతని బుద్ధికి తోచును. ముందుగా విండోస్ పాతదనెను. పిమ్మట యాంటీవైరస్ అడ్డుపడుచున్నదనెను; ఇట్టి ఒంటిఫైలు ఎగ్జీలను యాంటీవైరస్‌లు నిష్కారణముగా అనుమానించుట కద్దు గనుక ఆ మాటను కొట్టివేయలేకపోతిమి. తుదకు గుమాస్తా వ్రేలినే శంకించి, “కొంచెం మెల్లగా నొక్కమను బావా” అనెను. ఏదియు ఫలింపకపోగా, కమాండ్ ప్రాంప్ట్‌నుండి నడిపినచో అక్షరములు నిలిచియుండునన్న సంగతి తానెరిగియు, ఆ నల్లని మెరుపును సెల్‌ఫోనుతో వీడియో తీయించి, తెప్పించి, ఆపి ఆపి చదువగా, “నో మాడ్యూల్ నేమ్డ్ బేబెల్ డాట్ నంబర్స్” అని బయటపడెను. గుమాస్తా ఫోనులో మిక్కిలి వినయముతో, “బేబెల్ గారెవరో లేరంటోందండి, రేపు చూడమంటారా?” అని అడిగెను.

పైఇన్‌స్టాలర్‌ను నిందించి ఫలము లేదు. అది ప్రోగ్రాములోని ఇంపోర్ట్ వాక్యములను చదివి, వానివలన వచ్చినవాని లోపలి ఇంపోర్ట్‌లను సైతము వరుసగా చదివి, దొరికినదెల్ల పోగుచేయును. పెండ్లి సామానుల చీటీతో అంగడికి పోయినవాడు చీటీలోనిదెల్ల తేగలడు గాని, ముహూర్తవేళ పురోహితుడు “ఏదీ, అది ఇలా ఇవ్వండి” అని చేయిచాచునది ఎట్లు తేగలడు? నడుచుచుండగా మాత్రమే పేరుపెట్టి పిలువబడు మాడ్యూలు ఆ చీటీకెక్కదు. దానిని హిడెన్ ఇంపోర్ట్ అను ఆప్షనుతోనో, స్పెక్ ఫైలులోని జాబితాలోనో మనమే చేర్చవలెను. ఈ బేబెల్ చిక్కును, దాని విరుగుడును టీకే క్యాలెండర్ పరిచయపత్రములోనే స్పష్టముగా వ్రాసియున్నారు.

అయితే పరిచయపత్రములు చదువుట మావాని పౌరుషమునకు కొరత. అతడు బిల్డ్ ఫోల్డరులోని వార్న్ ఫైలును తెరచెను. కనబడని మాడ్యూళ్ల పట్టికలో పీడబ్ల్యూడీ యొకటి యుండెను. మా ఊరి రోడ్లెరిగినవాడనగుటచే నేనా మాటను తక్షణమే నమ్మితిని. అది యూనిక్స్‌కు చెందిన మాడ్యూలనియు, విండోస్‌లో అది లేకుండుటయే న్యాయమనియు తెలిసికొనుటకు మావానికొక మధ్యాహ్నము పట్టెను. పైఇన్‌స్టాలర్ కంటికే పడని మాడ్యూలు, అది వ్రాసిన ఫిర్యాదుల పట్టికలో నుండదన్నది అతనికి తట్టలేదు. పిదప విసిగి, కలెక్ట్ ఆల్ అను మహాస్త్రమును ఉన్న ప్రతి లైబ్రరీమీదను ప్రయోగించెను. తేదీ చూపవలసిన చిరుప్రోగ్రాము వందల మెగాబైట్ల భూతమయ్యెను. ఒంటిఫైలు ఎగ్జీ తెరచిన ప్రతిసారియు తన సామగ్రినంతయు టెంప్ ఫోల్డరులో విప్పుకొనినగాని నోరు విప్పదు. ఆ ఆలస్యము నెరుగని గుమాస్తా మరల మరల నొక్కగా, కొంతసేపటికి క్యాలెండర్లు ఒకదానిపై నొకటి మొలచి తెరను కప్పివేసెను.

ఆదివారమునాడు మావాడు రైలెక్కి తెనాలికి పోయెను. ఎగ్జీని ప్రక్కకు నెట్టి, మిల్లు కంప్యూటరులో పైథాన్‌నే ఎక్కించి, లైబ్రరీలన్నియు ఎక్కించి, స్క్రిప్టును నేరుగా నడిపి, “చూశావా, నడుస్తోంది!” అని నాకు ఫోను చేసెను. పైథాన్ లేనిచోట నడుచుటకే గదా ఎగ్జీ యని నేననబోయితిని. కాని గుమాస్తా ఇప్పుడు చీకటి పడకమునుపే ఇల్లు చేరుచు, పిల్లలతో కూర్చుండి భోంచేయుచు, మావానికి దీర్ఘాయువు కోరుచున్నాడని వినుటచే నా నోరు పెగలలేదు.

అన్నియు నున్నయింట ఏది లేదో తెలియు ఉపాయము లేదు. కావున, పైథాన్ గాలియైన సోకని పాత కంప్యూటరు నొకటి కొని, ఏ ఎగ్జీనైనను ముందు దానిమీద నడిపిచూచి పంపుమని మావానికి మెల్లగా బోధించితిని. “ఇంత మంచి ఐడియా నాకెందుకు రాలేదు బావా!” యని అతడు నిజముగనే సంతోషించి, మరునాడే యొకటి కొని తెచ్చి, నన్ను పిలిచి చూపెను. తెరమీద పైథాన్ వెలుగుచుండెను. “ఖాళీ సిస్టమ్‌తో టెస్టింగ్ ఏం చేస్తాం బావా? కావలసినవన్నీ రాత్రే ఎక్కించేశాను.”