పంగిడి నల్లరాయి సొంత కథ

కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీలో ఓ నల్లరాయి ఉంది. నేడో రేపో క్రషర్‌లో పడి కంకర కావలసిన రాయి. ఊరేదని అడిగితే మాత్రం గోదావరి జిల్లా పేరు చెప్పదు. తాను పుట్టింది పడమటి కనుమల వైపట. 6.6 కోట్ల ఏళ్ల కిందట అక్కడ నేల బీటలు వారి లావా పొంగిందనీ, ఆనాటి నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి తాను బంగాళాఖాతం ఒడ్డు చేరాననీ అంటుంది.

కోతలు కోస్తోందనుకోవడం సహజమే. రాజమండ్రి చుట్టుపక్కల లావా ఇక్కడి బీటల్లోంచే వచ్చిందని వాదించినవారూ ఉన్నారు. అయితే 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం ఈ రాతి రసాయన కూర్పునూ, ఇందులో గడ్డకట్టిన అయస్కాంత దిశనూ పోల్చి చూసింది. మహాబలేశ్వర్ దగ్గరి అంబేనలి ఘాట్ రాయితో పోలిక కుదిరింది. భూమ్మీద ఇంతకన్నా పొడవైన లావా ప్రవాహం ఇప్పటిదాకా తెలియదు. దారిలో చల్లారిపోలేదా అంటే, మీగడ కట్టిన పాలు లోపల వేడిగానే ఉన్నట్టు, పైన పెంకు కట్టడంతో లోపలి లావా పారుతూనే వచ్చిందట. దక్కన్ నల్లరాయి వికారాబాద్ ప్రాంతం దాకా కనబడి, ఆ తర్వాత మాయమై, మళ్లీ రాజమండ్రి దగ్గరే తేలుతుంది.

పుట్టుక సంగతికొస్తే, భారత ఫలకం అప్పుడు రీయూనియన్ ద్వీపం కింద ఇప్పటికీ మండుతున్న వేడిచోటు మీదుగా ఉత్తరానికి సాగుతోంది. అడుగున ఉన్న రాయి మామూలుగానే విపరీతమైన వేడి మీద ఉంటుంది, కానీ పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ఫలకం సాగి పలచబడితే ఆ రాయి పైకి లేస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, కరిగిపోతుంది. కొత్తగా మంట పెట్టేవాళ్లెవరూ అక్కర్లేదు. అప్పుడు పొంగిన లావా ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది.

అసలు గొడవ తాను వచ్చేశాక జరిగిందంటుంది రాయి. సుమారు 6.3 కోట్ల ఏళ్ల కిందట పుట్టింటి పడమటి అంచు తెగిపోయింది. తెగిన ముక్కే సీషెల్స్. నడిసముద్రంలో ఉన్నా మాహే ద్వీపానిది 75 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, అంటే అది ఖండం తాలూకు తునక. ఇటు పన్వేల్, ముంబయి వైపు వెళితే అడ్డంగా పరుచుకున్న లావా పొరలు ఒక్కసారిగా అరేబియా సముద్రం వైపు వాలిపోయి కనిపిస్తాయి. అంచు కుంగిన గుర్తది.

ఇలాంటి అంచులు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. తెగుతున్న అంచు కుంగుతూ ఉంటుంది, దాని మీద లావా పోస్తూనే ఉంటుంది. దాంతో పొరలన్నీ సముద్రం వైపు వాలి పేరుకుంటాయి. నౌకల మీంచి ధ్వని తరంగాలు పంపి, ప్రతిధ్వనులను బట్టి ఆ వాలును పసిగడతారు. 1985లో నార్వే తీరానికి దూరంగా వోరింగ్ పీఠభూమి మీద జాయిడెస్ రిజల్యూషన్ నౌక అలాంటి పొరల్లోకి తవ్వింది. వెయ్యి మీటర్లకు పైగా లోతున్న నీటి అడుగున దొరికింది ఆరుబయట, గాలిలో చల్లారిన లావా! గ్రీన్‌లాండ్, నార్వే విడిపోయిన కాలం నాటిది.

మరి ఖండాన్ని విరిచింది నిప్పేనా?

ఒక్క నిప్పు వల్ల కాదంటుంది ఈ రాయి, దానికి సాక్ష్యమూ ఉంది. అంత లావా కక్కిన తర్వాత తెగినా, సీషెల్స్‌కూ, అరేబియా సముద్రం అడుగునున్న లక్ష్మీ రిడ్జ్‌కూ మధ్య పుట్టిన కొత్త సముద్రగర్భం, నిప్పే విరిచి ఉంటే ఉండాల్సినంత మందంగా లేదు. స్పెయిన్, పోర్చుగల్ పడమటి తీరమైతే పెద్దగా లావా లేకుండానే కెనడా నుంచి విడివడింది. ఇథియోపియాలోని అఫార్‌లో 2005 సెప్టెంబరులో దాదాపు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా ఎడమైంది, కింద శిలాద్రవం చొరబడింది. అక్కడ నేలను రెండు పక్కలకూ లాగే బలమూ ఉంది, వేడీ ఉంది. లాగే బలం లేకపోతే వేడి ఎంతున్నా లావా మైదానమే మిగులుతుందని రాయి తీర్పు.

పంగిడి రాయి నెత్తిన మరో విలువైన సరుకుంది. రెండు లావా ప్రవాహాల మధ్య ఇరుక్కున్న సున్నపురాయి పొర. డైనోసార్లు అంతరించిన వెంటనే బతికిన సూక్ష్మ సముద్రజీవుల గుల్లలు ఈ ప్రాంతపు క్వారీల్లోని ఆ పొరలో ఉన్నాయని గెర్టా కెల్లర్ బృందం 2008లో చూపింది. అంటే కింది లావా ఆ మహావినాశనానికి ముందుది, పైది తర్వాతది.

క్వారీ పని ఆపమని ఎవరూ అడగడం లేదు. రోడ్లకూ రైలు పట్టాలకూ కంకర కావలసిందే. తిరుమల శిలాతోరణానికీ విశాఖ ఎర్రమట్టి దిబ్బలకూ ఇచ్చిన గుర్తింపులో కొంతైనా ఈ క్వారీకి ఇచ్చి, సున్నపురాయి పొర కనబడే ఒక్క గోడను పేల్చకుండా వదిలిపెట్టాలి.