షెడ్యూలు బావగారు

శీతాకాలంలో విశాఖపట్నం నుంచి అరకు బయలుదేరే ప్రతి బంధుబృందంలోనూ ఒక షెడ్యూలు బావగారు ఉంటారు. అద్దాల బోగీలో కిటికీ పక్క సీటు కోసం ఆయన పేచీ పెట్టరు, బొర్రా గుహల్లో ఫొటోకి నిలబడరు. ఆయనకు కావలసింది ఒకటే: ఈ ఆదివారం ఫార్ములా వన్ రేసు ఏ దేశంలో, అక్కడి మధ్యాహ్నం మనకు ఏ వేళ? ఇది చూసి అత్తవారింటివాళ్లు ఆయనకి కార్ల పిచ్చి అని తేల్చేశారు. అది అన్యాయం. ఆయనది వేగం పిచ్చి కాదు, వేళల పిచ్చి. కార్ల పిచ్చే అయితే అనంతగిరి ఘాట్‌లో స్టీరింగ్ ఆయనే అందుకోవాలి కదా! వెనక సీట్లో కళ్లు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. వాంతి వచ్చేలా ఉందేమోనని అక్కయ్య నిమ్మకాయ అందిస్తుంది.

రుజువు కావాలంటే హైదరాబాద్‌ సంగతే చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. విద్యుత్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెలుగునేల మీదికి వచ్చింది, ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకి అది పండగే. బావగారికి మాత్రం చప్పగా ఉంది. మధ్యాహ్నం మూడు అన్నారు, మూడంటే మూడే. కూడిక లేదు, తీసివేత లేదు, ఇక అందులో ఆయన చేయాల్సింది ఏముంది? మరుసటి ఏడాది రేసు రద్దయినప్పుడు కూడా ఆయన పెద్దగా బాధపడలేదు. అదే 2024 నవంబరులో బ్రెజిల్ ఫార్ములా వన్ రేసు సంగతి కదిపి చూడండి. వర్షం భయంతో నిర్వాహకులు రేసును గంటన్నర ముందుకు జరిపారు, మనకు రాత్రి 10:30కి మొదలవాల్సింది 9 గంటలకే వచ్చి కూర్చుంది. ఆ రేసులో వెర్‌స్టాపెన్ 17వ స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. బావగారు చెప్పేది వేరు: మార్పు తెలియనివాళ్లంతా పదిన్నరకి టీవీ పెట్టి రేసు మధ్యలో పడ్డారు, తాను పడలేదు. 17వ స్థానం మాట ఎవరైనా ఎత్తితే ‘అదీ జరిగింది’ అంటారు, అంతే.

ఆయన విద్యలో లోతు లేదనడానికి వీల్లేదు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మూడు కొడితే మనకు ఉదయం 9:30. సుజుకాలో రెండయితే 10:30. యూరప్ రేసులు చాలావరకు సాయంత్రం 6:30కి, సిల్వర్‌స్టోన్ 7:30కి. అట్లాంటిక్ దాటితే కాపురాలు కదిలిపోతాయి: 2025లో మాంట్రియల్ రాత్రి 11:30, ఆస్టిన్ అర్ధరాత్రి దాటి 12:30, మెక్సికో 1:30. అప్పటికి తేదీ మారి సోమవారమవుతుంది గానీ బావగారి లెక్కలో అది ఆదివారమే. గ్రీనిచ్‌కి మనం అయిదున్నర గంటలు ముందుండటం వల్ల లోకానికి గంట కొడితే మనకు అరగంటవుతుంది. ఆ అరగంట తన సొంత ఆస్తి అన్నట్టు మాట్లాడతారు. మార్చిలో, అక్టోబరులో యూరప్‌వాళ్లు గడియారాలు జరుపుకుంటారు, మనం జరపం. ఆ రెండు నెలల్లోనూ ఆయన నిద్ర చూడాలి! ఇందులో తమాషా ఏమిటంటే, భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం చింతపల్లికీ పాడేరుకీ మధ్య ఈ మన్యం మీదుగానే పోతుంది. అరకులో సూర్యుడికీ గడియారానికీ ఆ రేఖ వల్ల వచ్చే తేడా నిమిషంన్నర మాత్రమే. దేశంలో గడియారం ఇంత నిజం చెప్పే చోట కూర్చుని ఆయన చేతిగడియారాన్ని బ్రెజిల్‌లోని సావ్ పావ్లో వేళకి తిప్పుకుంటారు.

‘రికార్డింగు చూసుకోవచ్చు కదా’ అని బావమరుదులు అడుగుతారు. చూసుకోవచ్చు. కానీ గెలిచినవాడి పేరు ఎప్పుడైనా తెలుస్తుంది, వేళ పట్టుకోవడంలోని మజా మర్నాడు దొరకదు. ‘అయితే అరకు ఎందుకు రావడం, ఇంట్లో ఉండొచ్చుగా’ అన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబు కొండల్లోనే ఉంది. ఇక్కడి గిరిజనులకు ఏ వారం ఏ ఊరి సంతో చెప్పడానికి క్యాలెండరు అక్కర్లేదు. పసుపు, అల్లం, రాజ్మా దించాలన్నా, ఉప్పు, ఎండుచేపలు కొనాలన్నా వాళ్ల వారం సంతల చుట్టూనే తిరుగుతుంది. ఫార్ములా వన్ కూడా తిరిగే సంతే: దుకాణం సర్దుకుని ఊరు మారడం, పై వారం మరోచోట విప్పడం. సంతరోజు చూసుకుని కొండ దిగే మనిషిని ఎవరూ పిచ్చివాడనరు. బావగారిని అనడం ఏం న్యాయం?

మూడో అభ్యంతరం అక్కయ్యది, అది గట్టిది. సంతకి వెళ్లినవాడు ఇంటికి ఏదో తెస్తాడు, ఈయన ఏం తెస్తున్నారు? దీనికి పూర్తి జవాబు లేదని ఒప్పుకోవాల్సిందే. అయితే 2023లో లాస్ వేగాస్ శనివారం రాత్రి 10 గంటల రేసు మనకు ఆదివారం ఉదయం 11:30కి వచ్చింది. ఇలాంటి రేసు కోసమైనా సరే, ఉదయం ఏడు కాకముందే కదిలే, అరకు మీదుగా పోయే కిరండూల్ రైలుకి పదిమందినీ లేపి, పిల్లల జోళ్లతో సహా స్టేషన్‌లో నిలబెట్టగల మనిషి కుటుంబంలో ఇంకొకరు లేరు. మంచు దిగకముందే ఘాట్ దాటాలని పట్టుబట్టేదీ ఆయనే, కారణం ఏదైనా.

కాబట్టి ప్రయాణం తేదీలు ఆయనకే వదిలేయండి, భోజనం వేళ మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. అబుదాబిలో జరిగే ఆఖరి రేసు ఈమధ్య డిసెంబరు మొదటి పది రోజుల్లోనే వస్తోంది, మనకు సాయంత్రం 6:30కి. ఆ ఆదివారం అరకులో ఉంటే బొంగు చికెన్ అయిదున్నరకే చెప్పేయండి.