ఆఖరి కాగితం అందిన గంటకు

కరోనా నాటికి చోడవరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న, ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా, అనకాపల్లి జిల్లాకి వెళ్లిపోయింది. జనానికి దీనివల్ల పెద్ద ఇబ్బందేమీ రాలేదు. చెరుకు బళ్లు గోవాడ ఫ్యాక్టరీకి పాత గోతుల్లోంచే వెళ్లాయి. స్వయంభూ వినాయకుడు పాత గుళ్లోనే ఉన్నాడు. చిక్కల్లా బీమా పాలసీలకే. పాలసీలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా కనిపిస్తే అవతలి కంప్యూటర్‌కి మనిషి మీదే అనుమానం పుడుతుంది. మహమ్మారికి తలొంచి నిబంధనలు సడలించిన వ్యవస్థే జిల్లా పేరు దగ్గర మాత్రం మెడ వంచదు.

ఆ సడలింపుల సంగతే ఇవాళ చెప్పుకుందాం. దేశం మొత్తానికి బీమా నియమాలు రాసే ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్‌లో, నానక్‌రామ్‌గూడలోనే ఉంది. కరోనా విషయంలో ఆ ఆఫీసు నిద్రపోయిందని అంటే కళ్లు పోతాయి. కరోనా క్లెయిములు త్వరగా తేల్చండని కంపెనీలకి సర్క్యులర్ పంపింది 2020 మార్చి 4న. నెల్లూరులో రాష్ట్రపు మొదటి కేసు బయటపడింది మార్చి 12న. అంటే ఆంధ్రాకి వైరస్ కన్నా సర్క్యులరే ముందొచ్చింది. ప్రభుత్వ కాగితం జబ్బుని ఓడించిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. క్లెయిము తిరస్కరించాలంటే ముందు రివ్యూ కమిటీ క్షుణ్ణంగా చూడాలని కూడా అందులో రాశారు. మంచిదే. ఎవరో ఒక గుమాస్తా కాదనడం వేరు, కమిటీ కూర్చుని కాదనడం వేరు. రెండోదాంట్లో మర్యాద ఉంది.

లాక్‌డౌన్ రాగానే ఇంకో చిక్కొచ్చింది. బీమా చట్టంలో 64వీబీ అని ఒక సెక్షన్ ఉంది. దాని సారాంశం మా వీధి ఏజెంటు ఒక్క ముక్కలో చెబుతాడు: "డబ్బులు ముందు, పూచీ తర్వాత." ప్రీమియం చేతిలో పడందే కంపెనీ మీద బాధ్యత పడదు. ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే ప్రీమియం కట్టేదెవరు? కట్టించుకునేదెవరు? అందుకని జీవిత బీమాకి అదనంగా 30 రోజుల గడువిచ్చారు. మార్చి 25కీ ఏప్రిల్ 14కీ మధ్య గడువు తీరే ఆరోగ్య పాలసీలు, బళ్ల థర్డ్‌పార్టీ పాలసీలు ఏప్రిల్ 21లోగా కట్టుకోవచ్చని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. లాక్‌డౌన్ పొడిగించాక దాన్ని మే 15 దాకా జరిపింది. మధ్యలో పాలసీ తెగినట్టు లెక్క కాదు.

ఇది నిజంగా మేలు చేసిన పని. ఒప్పుకోవాలి. కాకపోతే థర్డ్‌పార్టీ సంగతే ఇప్పటికీ నాకు నవ్వు తెప్పిస్తుంది. బండి బయటికి తీస్తే పోలీసు లాఠీ, తీయకపోతే పెరట్లో స్టాండేసి ఉన్న బండికి బీమా. ఆ మూడు వారాల్లో దాని ముందుకు వెళ్లిన థర్డ్‌పార్టీ ఎవరైనా ఉంటే అది మా కోడిపెట్టే.

ఇక అసలు కథ: గంట.

క్యాష్‌లెస్ అడిగితే రెండు గంటల్లో అవుననో కాదనో చెప్పాలని 2020 ఏప్రిల్‌లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. డిశ్చార్జికీ అదే రెండు గంటలు. ఏడాది తిరిగేసరికి రెండో వేవ్ వచ్చింది. బెడ్డు కోసం అంబులెన్సులు ఆస్పత్రి గేట్ల దగ్గర నిలబడ్డాయి. లోపలున్న మనిషి బిల్లు తేలితే తప్ప బయటి మనిషికి మంచం లేదు. ఢిల్లీ హైకోర్టు 2021 ఏప్రిల్ 28న కలగజేసుకుని, కంపెనీలు అరగంట నుంచి గంటలోపు తేల్చాలంది. ఆ వెంటనే ఐఆర్‌డీఏఐ రెండు గంటల్ని అరవై నిమిషాలు చేసింది. రాత్రికి రాత్రే సగానికి సగం. పేపర్లో చదివి మా ఊరి టీ కొట్టు దగ్గర అందరం సంతోషించాం. బెల్లం రేటు కూడా అంత వేగంగా మారదు.

అయితే ఆ వాక్యానికి ఒక తోక ఉంది. గంట అంటే ఎప్పటినుంచి గంట? రోగి ఆస్పత్రి మెట్లెక్కినప్పటి నుంచి కాదు. ఆస్పత్రి నుంచి అవసరమైన కాగితాలన్నీ అందినప్పటి నుంచి. ఏది అవసరమో తేల్చేది కంపెనీ. ఏది అందలేదో చెప్పేదీ కంపెనీయే. ఈ తోక లేకుండా ఏ కంపెనీ ఒప్పుకోదు. కాగితం చూడకుండా డబ్బిమ్మనడం కూడా న్యాయం కాదు కదా. కానీ ఆ తోక పట్టుకుని ఎంత దూరమైనా ఈదొచ్చని ఆ మే నెలలో తెలిసింది.

అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం వేసే మా వీధి పెద్దాయన ఒకరిని విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. కొడుకు ఇన్సూరెన్స్ డెస్కు ముందు నిలబడ్డాడు. ప్లాస్టిక్ తెర, దానికి టేపుతో అంటించిన క్యూఆర్ కోడ్, వెనక రెండు మాస్కులు పెట్టుకున్న అమ్మాయి. పొద్దున తొమ్మిదికి రిక్వెస్ట్ వెళ్లింది. పదిన్నరకి "క్వెరీ" పడింది: ఆర్టీపీసీఆర్ రిపోర్టు స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి. పంపారు. పదకొండున్నరకి ఇంకోటి: ఇంట్లో ఉంచి వైద్యం చేయడానికి ఎందుకు కుదరదో డాక్టరు రాసివ్వాలి. డాక్టరు ఐసీయూలో పీపీఈ కిట్‌లో ఉన్నాడు. కిట్ విప్పితే గాని పెన్ను పట్టలేడు. ఎలాగో అదీ అయింది. పన్నెండూ పదికి మూడోది: పేషెంటు ఆధార్ వెనకవైపు కాపీ.

మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండుకి కర్ఫ్యూ. జిరాక్సు షాపువాడు షట్టరు దించి పది నిమిషాలయింది.

"ఏటమ్మా, గంటలో తేల్చేస్తారన్నారు కదా?" అని కొడుకు అడిగాడట.

"గంటే సార్," అందిట ఆ అమ్మాయి, "ఇంకా మొదలవలేదు."

ఆ పిల్ల తప్పేం లేదు. నిబంధన ప్రకారం ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పెద్దాయన కోలుకుని ఇంటికొచ్చాడు. ఇప్పటికీ ఎవరైనా "గంటలో వస్తాను" అంటే, "ఏ గంట, ఇన్సూరెన్స్ గంటా?" అని అడుగుతుంటాడు.

కొత్త పాలసీల సంగతీ చూడాలి. 2020 జులై 10కల్లా కంపెనీలన్నీ "కరోనా కవచ్" అమ్మాలని ఐఆర్‌డీఏఐ చెప్పింది. పేరు ఒకటే, షరతులు ఒకటే. రేటు మాత్రం ఏ కంపెనీది ఆ కంపెనీ ఇష్టం. యాభై వేల నుంచి అయిదు లక్షల దాకా తీసుకోవచ్చు. కాలపరిమితి మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలలు. ఆ అర నెల ఎందుకంటే, కొన్నాక మొదటి 15 రోజులు పాలసీ పనిచేయదు. క్వారంటైన్ మనిషికి 14 రోజులు, పాలసీకి 15. మనకన్నా ఒక రోజు ఎక్కువే జాగ్రత్త పడింది.

ఇందులో మా ఊరు గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. ఊరిని బట్టి ప్రీమియం మార్చకూడదు, దేశమంతటా ఒకటే ఉండాలని షరతు పెట్టారు. ముంబయివాడెంతో చోడవరం వాడూ అంతే. ముంబయిలో వీధివీధికో ఆస్పత్రి. మాకు వెంటిలేటరు కావాలంటే విశాఖ దాకా యాభై కిలోమీటర్లు. సమానత్వం అంటే ఇదీ.

కవచ్‌కి తమ్ముడు "రక్షక్". పాజిటివ్ వచ్చి ఆస్పత్రిలో కనీసం 72 గంటలుంటే, బిల్లుతో పని లేకుండా పాలసీ మొత్తం చేతికిస్తారు, రెండున్నర లక్షల వరకూ. రోగి 71వ గంటకి లేచి కూర్చుని "నాకు బాగానే ఉంది, ఇంటికి పోదాం" అంటే బంధువులు ఏం చేయాలో సర్క్యులర్‌లో రాయలేదు. మా ఏజెంటు లెక్క ప్రకారం ఇంత జనాకర్షకమైన పాలసీ ఇంతకుముందు లేదు. అందుకే కాబోలు, అడిగేవాళ్లు పెరిగాక కొన్ని కంపెనీల దగ్గర అది కనపడడం మానేసింది. "స్టాక్ లేదు బావూ" అనేవాడు, యూరియా బస్తా గురించి చెప్పినట్టు.

వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. 2021 జూన్‌లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ల మీద పన్ను అయిదు శాతానికి దించారు. కవచం మీద దించలేదు. ఊపిరాడని వాడికి ఇచ్చిన రాయితీ, ముందుజాగ్రత్త పడ్డవాడికి దక్కలేదు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఆ పన్ను పూర్తిగా తీసేసింది 2025 సెప్టెంబరు 22న. అప్పటికి కవచ్‌లు, రక్షక్‌లు అన్నీ కాలం చేశాయి.

పీపీఈ కిట్ల పంచాయితీ ఒక్కటే రాస్తే కాలమ్ నిండిపోతుంది. కవచ్‌లో ఆ ఖర్చు కలిపారు. మామూలు ఆరోగ్య పాలసీ ఉన్నవాళ్లకి మాత్రం బిల్లులో అది "కన్స్యూమబుల్స్" పద్దులో తేలేది, ఆ పద్దు ఇవ్వం అనేవాళ్లు. తర్కం బాగానే ఉంది. తొడుక్కున్నది డాక్టరు, నర్సు. పాలసీ రోగిది. వాడు తొడుక్కుంటే కదా వాడి పాలసీ కట్టాలి!

రేట్ల దగ్గర ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2020లో ప్రైవేటు ఆస్పత్రులకి కరోనా రేట్లు కట్టింది. విషమించని రోగికి రోజుకి 3,250 రూపాయలు, వెంటిలేటరు మీదైతే 9,580. బీమా కంపెనీ ఆ కాగితం చూపించి "ఇంతే ఇస్తాం" అంటుంది. ఆస్పత్రి తన కాగితం చూపించి "ఇంతవుతుంది" అంటుంది. మధ్యలో తేడా కట్టేది మూడో పెద్దమనిషి, అంటే చోడవరం నుంచి వచ్చినవాడు. అదే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కార్డుతో బెడ్డు సంపాదించినవాడికి ఈ లెక్కల గొడవ లేదు, కరోనా వైద్యాన్ని ఆ పథకంలో కలిపేశారు గనక. ప్రీమియం కట్టనివాడు కార్డు చూపించి పడుకున్నాడు, కట్టినవాడు క్వెరీలకి జవాబులు రాస్తూ నిలబడ్డాడు. కార్డున్నవాడి మీద నాకు ఈర్ష్య లేదు. కట్టినవాడి మీద జాలి మాత్రం ఉంది.

చనిపోయినవాళ్ల క్లెయిముల విషయంలో వెటకారం ఆడటానికి మనసొప్పదు. అక్కడ కొన్ని మంచి పనులు జరిగాయి. 2021 మేలో ఎల్‌ఐసీ, మున్సిపాలిటీ మరణ ధ్రువపత్రం దొరక్కపోతే ఆస్పత్రి ఇచ్చిన డెత్ సమ్మరీ లాంటివి కూడా చాలంది. కాగితాలు దగ్గర్లో ఏ బ్రాంచిలో ఇచ్చినా తీసుకుంటామంది. బ్యాంకు ఖాతాలోంచి అప్పట్లో ఏడాదికి 330 రూపాయలు కోసుకుని రెండు లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్‌జ్యోతి పథకంలో, క్లెయిము తేల్చే గడువుని 30 రోజుల నుంచి ఏడుకి దించారు. అయితే ఆ 330 ఎందుకు కోశారో ఖాతా ఉన్నవాడికే తెలియదు, పోయాక ఇంట్లోవాళ్లకి ఏం తెలుస్తుంది? పాస్‌బుక్కులో అది ఎస్సెమ్మెస్ చార్జీకీ ఏటీఎం చార్జీకీ మధ్యన, గుర్తుపట్టలేని పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఏడు రోజుల్లో డబ్బిస్తామన్న నియమం ఉంది, నీకు డబ్బు రావాలని చెప్పాల్సినవాడెవడో నియమంలో లేడు.

ఇంత చేసినా గంట ఎందుకు మొదలవదు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు ఏజెంటు దగ్గరే దొరికింది. ఐఆర్‌డీఏఐ కంపెనీని కొరడాతో కొట్టగలదు, కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏని కొట్టగలదు. ఆస్పత్రి దాని చేతిలో లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్ని చూసుకునేది 2002 నాటి రాష్ట్ర చట్టం, వైద్య ఆరోగ్య శాఖ. క్యాష్‌లెస్ ఉన్నా డిపాజిట్ కట్టమంటున్నారని 2021లో దేశమంతా గగ్గోలు పెట్టింది. నానక్‌రామ్‌గూడ నుంచి కంపెనీలకి వెళ్లింది ఆదేశం, ఆస్పత్రులకి వెళ్లింది మనవి. ఒకే బిల్లుకి రెండు చివరలు, రెండు సర్కార్లు.

మహమ్మారి పోయాక 2024 మేలో కొత్త మాస్టర్ సర్క్యులర్ వచ్చింది. అన్ని జబ్బులకీ క్యాష్‌లెస్ గంటలో తేల్చాలి. డిశ్చార్జికి మూడు గంటలు. కరోనా రోజుల్లో గంట, ఇప్పుడు మూడు. వైరస్ లేని రోజుల్లో అంత కంగారెందుకని కాబోలు. మూడు గంటలు దాటి ఆస్పత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని గట్టిగా రాశారు. ఇది చదివి సంబరపడి ఏజెంటుకి ఫోన్ చేశాను.

"అంతా బాగుంది గానీ, ఈ మూడు గంటలూ ఎప్పటినుంచి?"

"ఆస్పత్రోళ్లు డిశ్చార్జి రిక్వెస్టు పంపినప్పటినుంచి బావూ."

"వాళ్లు ఎప్పుడు పంపుతారు?"

"బిల్లు తయారైనప్పుడు."

"అదెప్పుడు తయారవుద్ది?"

"డాక్టరుగారు రౌండ్సుకొచ్చి సంతకం పెట్టాలి, ఫార్మసీ వాడు క్లియరెన్సు ఇవ్వాలి, బిల్లింగు కుర్రోడు భోజనం నుంచి రావాలి. ఆళ్ల మీదకి ఐఆర్‌డీఏ ఎక్కడెల్తాది? రెన్యువల్ మాత్రం ఈ నెలాఖరుకే, మర్చిపోకండి."