బల్లల మీద వెలుతురు

నేను కందిబేడంత ఉంటాను. మొహం మీద మెలికలు తిరిగిన సన్నటి గీత, కింద రెండు తీగ కాళ్లు. తిరుపతిలో గ్రూప్స్, డీఎస్సీలకు చదివే పిల్లల రీడింగ్ హాల్లో, కిటికీ వరస బల్లల పైన, కిందికి చూసేలా సీలింగుకు బిగించారు నన్ను.

ఎలక్ట్రీషియన్లు ఎల్‌డీఆర్ అంటారు. నా ఒంట్లో ఉన్నది కాడ్మియం సల్ఫైడ్. చీకట్లో కరెంటును దాదాపు ఆపేస్తాను, వెలుతురు పెరిగేకొద్దీ దారి వదులుతాను. ఆ తేడా చూసి పక్కనున్న బోర్డు ఎల్‌ఈడీ లైట్లను పెంచుతుంది, తగ్గిస్తుంది. వెలుతురుకు ఇలా లొంగే గుణాన్ని 1873లో విలోబీ స్మిత్ లోకానికి చెప్పాడు. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్ల పరీక్షకు ఆయన తెచ్చిన సెలీనియం కడ్డీలు, వెలుగు తగిలితే చాలు, నిరోధం మార్చేసేవి.

మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. చదువుకునే బల్ల మీద 300 ఉంటే చాలు. మనుషుల కన్ను రెండింటికీ సర్దుకుపోతుంది. అందుకే పొద్దు వాలుతున్నా పిల్లలకు తెలీదు, పుస్తకం మీదికి ఇంకాస్త వంగిపోతారు. ఆ మెడలు వంగకముందే లైటు పెరగాలన్నదే నా తపన.

అయితే నాకు కనిపించేది బల్ల మీంచి తిరిగొచ్చే వెలుతురే. మొదట్లో ఖాళీ బల్లలు చూపించి నాకు లెక్క కట్టారు. పిల్లలొచ్చి పుస్తకాలు తెరవగానే తెల్ల కాగితాలు మెరిశాయి. వెలుతురు ఎక్కువైందనుకుని బోర్డు లైట్లు తగ్గించింది. "అన్నా, వెలుతురు చాల్లేదన్నా" అంది పుత్తూరు నుంచి వచ్చే అమ్మాయి. ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, హాలు నిండా పుస్తకాలు తెరిచి ఉండగానే మళ్లీ సరిచేశాడు. సంక్రాంతికి గోడలకు సున్నం కొట్టాక ఇంకోసారి.

కార్తీకంలో శేషాచలం మీదుగా మబ్బులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ప్రతి మబ్బుకూ లైట్లు ఎగిరెగిరి పడితే చదువు సాగదు. అందుకే బోర్డు కాస్త ఆగి, మెల్లగా మారుస్తుంది. పెంచడానికి ఒక హద్దు, తగ్గించడానికి మరో హద్దు పెట్టారు.

కాడ్మియం విషం. నన్ను పీకేసిన రోజున కుప్పతొట్టిలో వేయకుండా ఎలక్ట్రానిక్ చెత్తలో ఇవ్వండి. నా చోటికి సిలికాన్ ఫోటోడయోడ్ వస్తుందేమో. దానికి కూడా పుస్తకాలు తెరిచి ఉన్నప్పుడే లెక్క కట్టండి.