‘గో, వెంట్, గాన్’: టీకా తాత్పర్యం

మూలం: గో, వెంట్, గాన్.

అవతారిక: ఇంగ్లీషు నేర్చే ప్రతి తెలుగు విద్యార్థీ అర్థంతో పనిలేకుండా వల్లెవేసే ఈ సూత్రంలో మొదటి, మూడవ పదాలు ఒక ఇంటివిగానే కనిపిస్తుండగా, నడుమనున్న దానిలో ఆ పోలిక లేశమైనా లేనందున వ్యాఖ్యానం అవసరమైంది.

టీక: గో = వెళ్ళు; సంస్కృత ధాతుపాఠం గత్యర్థంలో చెప్పిన ‘హా’ ధాతువు (రూపం ‘జిహీతే’) దీనికి జ్ఞాతి అని భాషావేత్తలలో పలువురి మతం. వెంట్ = వెళ్ళెను; ఇది ‘గో’ సంతానం కాదు, మళ్ళించు అనే అర్థం గల ‘వెండ్’కు భూతకాల రూపం, ‘సెండ్’కు ‘సెంట్’ వంటిది. ఆ ‘వెండ్’ సైతం మెలితిరుగు అనే అర్థం గల ‘వైండ్’కు ప్రేరణార్థకం, అనగా ‘తిరుగు’కు ‘త్రిప్పు’ ఎట్టిదో అట్టిది. గాన్ = వెళ్ళిన; సుగమం.

శంక: ‘గో’కు సొంత భూతకాలం లేదా?

సమాధానం: పాత ఇంగ్లీషులోనే లేదు. అప్పుడు ఆ చోట ‘ఏఓదె’ అనే మరో పరాయి రూపం ఉండేది. 15వ శతాబ్ది ముగిసేనాటికి దక్షిణ ఇంగ్లండులో ‘వెంట్’ దానిని గెంటి తాను కూర్చుంది. ఒక రూపాన్ని తొలగించి దాని చోట మరొకటి రావడాన్ని మన వ్యాకర్తలు ఆదేశం అన్నారు. ‘దృశ్’ ఉండగా ‘పశ్యతి’ అనడం పాణినీయంలో ప్రసిద్ధమే. ఆగమం మిత్రునివలె పక్కన చేరుతుందనీ ఆదేశం శత్రువువలె వెళ్ళగొడుతుందనీ వారు చెప్పిన పోలిక ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఇల్లు విడిచిన ‘వెంట్’ బదులు ‘వెండ్’కు ‘వెండెడ్’ అనే కొత్త భూతరూపం ఏర్పడింది.

తాత్పర్యం: ‘గో’ అనగా కాళ్ళతో వెళ్ళడమే అనుకోరాదు. పాలు చెడినా, మతి చలించినా, కరెంటు పోయినా ఇంగ్లీషువారు ఈ ధాతువునే వాడుతారు. తెలుగువారి ‘పోవు’ కూడా ఇంచుమించు ఇన్ని పాపాలూ మోస్తుంది. అంతకన్న వింత, వాన రాకను వారు ‘గోయింగ్ టు రెయిన్’ అంటుండగా మనం ‘పడబోతోంది’ అంటాం. ఇది ‘పడన్’కు ‘పోతోంది’ చేరి, ద్రుతమనే నకారం మీది పరుషమైన ‘ప’ సరళమైన ‘బ’గా మారిన రూపం. ఎక్కడికీ పోని పనిని పోతున్నట్టు చెప్పి భవిష్యత్తును సూచించడం ఈ రెండు భాషలూ ఒకదానినుండి ఒకటి నేర్వకుండానే చేసిన పని.

విశేషం: ‘గో’కు ‘గోడ్’ అని వ్రాసే బాలుని మందమతి అనరాదు, స్కాట్లండులో ‘గేడ్’ అనే రూపం చక్కగా చెలామణి అయింది. అయినా పరీక్షలో ‘వెంట్’ అనే వ్రాయవలెను. లేనిచో మార్కు పోవును.